రేపొస్తా టీచర్

పోయిన వారం భద్రాచలం వెళ్ళొచ్చాను. ఒకప్పుడు నాతో పాటు పనిచేసిన మా లెక్కల సార్ పోయారు. అస్థికలు గోదావరిలో కలపడానికి వాళ్ళబ్బాయి వస్తున్నాడని తెలిసి, ఖమ్మంలో తెల్లవారుజాము బస్సు పట్టుకున్నాను. ఎవరి కూతురి పెళ్ళిలోనో ఎదురుపడి పలకరించుకోవడం తప్ప, ఈ పదేళ్ళలో ఆయనతో కూర్చుని మాట్లాడింది లేదు. అయినా వెళ్ళకపోతే బాగుండదనిపించింది.

రేవులో పడవతను ఇంజన్ తాడు లాగాడు. మొదటిసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారి ఇంకాస్త ఎక్కువ దగ్గింది. మూడోసారికి అందుకుంది. డీజిల్ పొగ పైకి పోకుండా చల్లటి నీళ్ళ మీదే పాకింది. దానికి తడిసిన తాడు వాసన తోడైంది. అంతే, నేనింక భద్రాచలంలో లేను. కూనవరం రేవులో ఉన్నాను. ఇరవై నాలుగేళ్ళ దాన్ని, చేతిలో పులిహోర గిన్నె, గిన్నె మీద తడిగుడ్డ.

"ఆంటీ, నాన్న కూనవరం రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. మీకేమైనా గుర్తుంటే చెప్పండి" అన్నాడు ఆ అబ్బాయి.

"మీ నాన్నకి నీళ్ళంటే చచ్చేంత భయం" అన్నాను. అనేశాక అతని ఒళ్ళో గుడ్డ కట్టిన ముంత చూసి నాలుక కరుచుకున్నాను. అతను మాత్రం నవ్వాడు. "నిజంగానా?" అన్నాడు.

నిజంగానే.

* * *

నాకు మొదటి పోస్టింగ్ కూనవరంలో. ఆర్డరు చేతికొచ్చిన రోజు మా నాన్న పక్కింటి నుంచి జిల్లా మ్యాపు తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని వెతికారు. మధిరలో పుట్టి పెరిగినదాన్ని, మాకు నీళ్ళంటే వైరా ఏరే. కూనవరం చూస్తే శబరి వచ్చి గోదావరిలో కలిసే మూల మీద ఉంది. "రెండు నదుల మధ్యన వేశారేంటమ్మా నిన్ను" అన్నారు నాన్న. అయినా ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, కిరసనాయిలు స్టవ్వు బస్సు మీద వేయించి తానే వచ్చి దింపారు.

గది కాస్త మిట్ట మీద దొరికింది. తలుపు వెనక గోడకి, నా తల కన్నా జానెడు ఎత్తున, తారుతో గీసిన గీత ఒకటుండేది. అదేంటని ఇంటామెని అడిగాను.

"ఎనభయ్యారు గోదారి పంతులమ్మా. ఇక్కడిదాకా వచ్చింది" అంది, చుట్టాలొచ్చి వెళ్ళినంత తేలిగ్గా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి ఎక్కింది. ఆ లెక్క ఇప్పటికీ అలాగే ఉంది, ఏ వరదా దాన్ని దాటలేదు. ఆ ఊళ్ళో అందరూ వయసు కూడా దాంతోనే చెప్పేవాళ్ళు. "మావోడు వరదకి పాకుతున్నాడు" అని ఒకామె, "వరద దిగినాక పెళ్ళయింది" అని ఇంకొకామె. బళ్ళో చేర్పించేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే ఇదే జవాబు. తేదీలు మేమే వేసేవాళ్ళం. సగం మందికి జూన్ ఒకటి.

నాన్న తిరిగి వెళ్తుంటే ఇంటామె ఒకటే సలహా ఇచ్చింది. శ్రావణం వస్తే ట్రంకు పెట్టె అటకెక్కించుకోమని.

పొద్దున్నే నిద్ర లేపేది లాంచీ కూత. గడియారం చూసే పనే లేదు. రాజమండ్రి వైపు వెళ్ళే లాంచీ కూస్తే స్టవ్వు వెలిగించేదాన్ని. దాని చప్పుడు మలుపు తిరిగి సన్నబడిపోయే సరికి అన్నం ఉడికేది. ఎండాకాలంలో లాంచీ ఇసుక మేటల్లో కూరుకుపోతే ఆ రోజు ఊరికి పేపరు లేదు, ఉత్తరాల్లేవు, నా అన్నం మాడింది.

* * *

ఏడో తరగతిలో పేరంటపల్లి నుంచి వచ్చిన పిల్లాడొకడు ఉండేవాడు. కొండరెడ్ల పిల్లాడు. హాస్టల్లో ఉండేవాడు. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేవాడు. తెలుగే మాట్లాడతారు వాళ్ళు. కానీ మా పుస్తకంలో తెలుగు వాడికి వేరే దేశం భాషలా ఉండేది. నేను పద్యం చెబితే నా నోటి వంకే చూసేవాడు. అర్థం కాక కాదు, ఆ మాటలు ఎవరు ఎవరితో అంటారా అని ఆలోచిస్తున్నట్టు.

వాడొకసారి అన్నాడు, మా ఊరు చూశారా టీచర్ అని. చూడలేదన్నాను. "మంచిగుంటది" అన్నాడు. ఆ ఏడాదంతా వాడు తనంతట తాను నాతో అన్న మాట అదొక్కటే.

ఆ మాట నేను స్టాఫ్ రూములో చెప్పాను. పెద్ద సార్ అప్పటికే ఏదో విహారయాత్ర అనుకుంటున్నారు. ప్రతి ఏడాదీ భద్రాచలం గుడే కదా అని విసుగొచ్చి ఉంది. పేరంటపల్లి అంటే అందరికీ ఇష్టమే. పాపికొండల ముందు గోదావరి కుడి గట్టున చిన్న ఊరు, అడవిలో శివాలయం, మునివాటం అనే ఆశ్రమం. రోడ్డు లేదు. పోవాలంటే నీళ్ళ మీదే పోవాలి. పుష్యమాసంలో ఒక ఆదివారం ఖాయం చేశారు. లాంచీ అద్దెకి తలా కొంత వేసుకున్నాం. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, ఐదుగురు టీచర్లం, వంటకి హాస్టల్ కమాటి.

లెక్కల సార్ ఇల్లెందు మనిషి. బొగ్గు గనుల ఊరు. భూమి కింద ఎంత లోతుకైనా దిగుతా గానీ నీళ్ళ మీద నిలబడలేను మేడమ్, అనేవారు. రానన్నారు. పిల్లల లెక్క మీరే చూడాలి, ఎక్కినవాళ్ళు ఎంతమందో దిగినవాళ్ళు అంతమందని మీరే చెప్పాలి, అని పెద్ద సార్ ఇరికించారు. లెక్క అనేసరికి ఆయన కాదనలేకపోయారు.

* * *

ముందు రోజు రాత్రి పులిహోర కలిపాం. సంతలో కొన్న చింతపండు. కొండల్లోంచి గిరిజనులు తట్టల్లో తెచ్చేది, నల్లగా, గింజతో సహా. మా మధిర చింతపండుకి ఆ పులుపు లేదు. ఇంటామె తన పెద్ద గుండిగ ఇచ్చింది. పోపు వేస్తుంటే వీధిలో కుక్కలు కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నాయి.

నాలుగింటికే రేవుకి చేరాం. ఎక్కడుంది రేవు? మంచు. ముందున్న పిల్లాడి వీపు తప్ప ఏమీ కనపడదు. నీళ్ళ చప్పుడుంది గానీ నీళ్ళు లేవు. లాంచీ కూడా దగ్గరికెళ్ళి చేత్తో తడిమితేనే తెలిసింది. లాంచీ నడిపే సరంగు పైన కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. ఆ చుట్ట నిప్పొక్కటే మాకు దీపం.

"ఎప్పుడు బయల్దేరదాం?" అన్నారు పెద్ద సార్.

"గోదారమ్మ దుప్పటి తీసినప్పుడు" అన్నాడు సరంగు.

పిల్లలు చలికి ఒకళ్ళ మీదొకళ్ళు పడి కూర్చున్నారు. కమాటి ఇసుకలో మూడు రాళ్ళు పెట్టి టీ కాచాడు. పాలు లేవు, బెల్లం టీ. లెక్కల సార్ అప్పటికే మూడుసార్లు పిల్లల్ని లెక్కపెట్టారు. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై ఏడు, ముప్ఫై తొమ్మిది. మంచులో లెక్క కుదరడం లేదని ఆయన టెన్షన్. చివరికి అందర్నీ వరసగా నిలబెట్టి తలల మీద చెయ్యి వేసుకుంటూ పోయారు. ముప్ఫై ఎనిమిది.

సూర్యుడు రాలేదు గానీ, ఒక సమయంలో మంచు పైకి లేచింది. నేల మీద నుంచి లేచింది, గుడారం గుడ్డ ఎత్తినట్టు. ముందు నీళ్ళు కనపడ్డాయి, తర్వాత అవతలి గట్టు కాళ్ళు, తర్వాత గట్టు. సరంగు చుట్ట నీళ్ళలోకి విసిరేసి, ముక్కు మీద వేలు పెట్టుకుని దండం పెట్టి, గంట కొట్టాడు. కింద ఇంజన్ కుర్రాడు ఏదో తిప్పాడు. దగ్గు, మళ్ళీ దగ్గు, తర్వాత ఆ చప్పుడు. ఆ చప్పుడుకి లాంచీలో చెక్కలన్నీ వణుకుతాయి. మాట్లాడితే మన గొంతు కూడా వణుకుతుంది. పిల్లలకి అదే ఆట, "ఆఆఆ" అంటూ ఒకటే గోల.

లెక్కల సార్ మధ్య స్తంభం కౌగిలించుకుని కూర్చున్నారు. మధ్యలో కూర్చుంటే మునిగినా చివరగా మునుగుతాం కదా మేడమ్, అన్నారు. లెక్కలవాళ్ళ ఆలోచనలు అలా ఉంటాయి.

ఎడమ గట్టున శ్రీరామగిరి కొండ, మీద రాముడి గుడి. జటాయువు కథ చెప్పాను పిల్లలకి. రెక్క తెగి పడిన చోటే రేకపల్లి అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పేరంటపల్లి పిల్లాడు వినడం లేదు. లాంచీ ముక్కు మీద, కూర్చోవద్దన్న చోటే కూర్చుని ఉన్నాడు. నేను దిగమంటే దిగాడు. నేను ఇటు తిరగ్గానే మళ్ళీ ఎక్కాడు. నీటికాకి ఒకటి మునిగింది. వాడు వేలు చాపి ఒక చోటు చూపించాడు. అది సరిగ్గా అక్కడే తేలింది. మళ్ళీ మునిగింది. ఈసారి వాడు చూపించిన చోట తేలలేదు, ఎక్కడో దూరంగా తేలింది. వాడు చెయ్యి దించేసి దాన్ని తిట్టాడు.

లంకల్లో పొగాకు, మిర్చి తోటలు. కావిళ్ళతో నీళ్ళు మోసేవాళ్ళు. బిందెలు తోముతున్న ఆడవాళ్ళు లాంచీ అల వచ్చేదాకా ఆగి, అల వెళ్ళాక మళ్ళీ తోముకునేవాళ్ళు. పోనుపోను పొలాలు అయిపోయి కొండలే గట్టులయ్యాయి. వెదురు నీళ్ళ మీదికి వంగి ఉంది. ఎండ ఇంకా ఇటు పడలేదు. నీళ్ళు నల్లగా, నూనెలా కదలకుండా ఉన్నాయి. పిల్లలు గోల ఆపేశారు. ఎవరూ ఆపమనలేదు.

* * *

పేరంటపల్లి రేవు అంటే రేవేమీ లేదు. సరంగు లాంచీ ముక్కుని గట్టుకి ఆనించి పలక వేశాడు. జానెడు వెడల్పు పలక. ముప్ఫై ఎనిమిది మందీ పరిగెత్తారు. లెక్కల సార్ మాత్రం కూర్చుని, జరుగుతూ జరుగుతూ దిగారు. పంట్లాం వెనక తడి మరక. అది చూసి నవ్వకుండా ఉండటానికి మేమంతా కొండల అందం గురించి మాట్లాడాం.

ముందు పచ్చి వెదురు వాసన. అప్పుడే కోసిన వెదురు, కాస్త దోసకాయలా, కాస్త వానలా ఉంటుంది. తర్వాత ఎక్కడో పొయ్యి పొగ. మెట్లెక్కి పైకి వెళ్తే చెట్ల కింద గుడి, రామకృష్ణ మునివాటం. బాలానంద స్వామి అనే ఆయన గోదావరి మీద వచ్చి, ఇక్కడ ఆగిపోయి, కొండరెడ్ల మధ్యనే ఉండిపోయారట. అక్కడ మాట్లాడకూడదు. లాంచీలోనే పెద్ద సార్ బెదిరించి ఉంచారు, నోరు తెరిచినవాడికి పులిహోర లేదని.

ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నేను ఉద్యోగంలో మళ్ళీ వినలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున కూడా. కొండ మీంచి దిగే వాగు చప్పుడు మాత్రం ఉంది. ఆ నీళ్ళు దోసిలి పట్టి తాగాం. పళ్ళు జివ్వుమన్నాయి. ఒక పిల్లకి ఎక్కిళ్ళు మొదలై, రెండు చేతులతో నోరు నొక్కుకుని కళ్ళల్లోంచి నవ్వింది. గుడిలో ఎంతసేపున్నామో తెలీదు. బయటికి రాగానే లెక్కల సార్ మళ్ళీ వరస పెట్టించారు.

ముప్ఫై ఏడు.

మళ్ళీ. ముప్ఫై ఏడు. ఈసారి మంచు కూడా లేదు, సాకు చెప్పడానికి. ఆయన మొహంలో నెత్తురు లేదు. గోదావరి వైపు చూశారు.

"ఈ ఊరివాడే సార్ లేనిది" అంది ఎక్కిళ్ళ పిల్ల. వాడెవడో అందరికీ అర్థమైంది. ఇల్లు దగ్గరికొస్తే ఎవడు గుడి దగ్గర నిలబడతాడు?

* * *

సార్, నేను వెతుక్కుంటూ ఇళ్ళ వైపు వెళ్ళాం. పట్టుమని కొన్ని ఇళ్ళు. వెదురు తడికలు కట్టి మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పు, అరుగులు అలికి ఉన్నాయి. ముంగిట్లో కందికట్టె ఎండుతోంది. వాడింటి ముందు వాడు కూర్చునే ఉన్నాడు. స్కూలు చొక్కా విప్పి దండెం మీద వేసేశాడు. పక్కన వాళ్ళ నాన్న.

వెదురు చీలుస్తున్నారు. నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే చూడగలను. వాడు బొంగుని కాళ్ళ మధ్య నిలబెట్టి, కత్తి మొనని అంచు మీద పెట్టి, ఇంకో కర్రముక్కతో ఒక్క దెబ్బ కొట్టాడు. అంతే, తర్వాత కత్తితో కోయడమేమీ లేదు. కత్తిని కాస్త అటూ ఇటూ తిప్పుతాడు, చీలిక తనంతట తాను దిగుతుంది. కణుపు దగ్గర ఆగుతుంది. అక్కడ 'టప్' మని చిన్న చప్పుడు. మళ్ళీ దిగుతుంది. రెండు బద్దలయ్యాక నాలుగు, నాలుగు ఎనిమిది. ఆ తర్వాత ఒక్కో బద్దని బొటనవేలు కింద నుంచి లాగుతూ లోపలి తెల్లటి గుజ్జు తీసేస్తాడు. పైన పచ్చటి తోలు రిబ్బన్‌లా మిగులుతుంది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకున్నాడు. నా క్లాసులో రెండు లైన్లు రాయడానికి అరగంట తీసుకునే చెయ్యి అది. అలాగని వాడేదో గొప్ప పనివాడని కాదు. వాళ్ళ నాన్న ఒక బద్ద చూసి, బాలేదని పక్కన పడేశాడు. వాడు మారు మాట్లాడకుండా ఇంకోటి తీశాడు.

వాళ్ళమ్మ లోపల్నుంచి వచ్చింది. కొంగుతో అరుగు దులిపి కూర్చోమంది. మళ్ళీ లోపలికెళ్ళి సొరబుర్రలో జావ తెచ్చింది. జొన్న జావ, చల్లటిది, పులిసిన వాసన. సార్ కడుపులో బాలేదన్నారు. ఆయనకి నిజంగానే బాలేదు. నేను కూడా "వద్దమ్మా, ఇప్పుడే తిన్నాం" అన్నాను.

తినలేదు. పొద్దున్నుంచీ బెల్లం టీ తప్ప ఏమీ తినలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, లాంచీలో నాతో వచ్చిన వాళ్ళబ్బాయికీ తెలుసు. వాడు తలెత్తి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. వాళ్ళమ్మ బుర్ర వెనక్కి తీసుకెళ్ళిపోయింది. అరగంట తర్వాత అదే గట్టు మీద అడ్డాకుల్లో పులిహోర పెట్టుకుని తింటుంటే, ఆవిడ కట్టెల మోపుతో మా ముందు నుంచే వెళ్ళింది. నన్ను చూసి నవ్వింది కూడా. తర్వాత ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఏం పెట్టినా కాదనకుండా తిన్నాను. ఒకచోట పురుగు పట్టిన బిస్కెట్లు కూడా తిన్నాను. ఆ బుర్రెడు జావ లెక్క మాత్రం తేలలేదు.

"ఇంక పద, లాంచీ కూసింది" అన్నారు సార్ వాడితో.

"రేపొస్తా సార్" అన్నాడు.

"రేపు ఎలా వస్తావురా? మళ్ళీ లాంచీ ఏది?"

"వస్తా సార్."

నా వైపు తిరిగి, "రేపొస్తా టీచర్" అన్నాడు. అదేదో నాకు హామీ ఇస్తున్నట్టు. వాళ్ళ నాన్న కూడా తలూపాడు. ముప్ఫై ఎనిమిది మందితో వచ్చి ముప్ఫై ఏడు మందితో వెళ్ళడం ఎలాగో లెక్కల సార్‌కి అర్థం కాలేదు. పెద్ద సార్‌తో చాలాసేపు గుసగుసలాడారు. పెద్ద సార్ తేల్చేశారు: "తప్పిపోతే కంగారు. ఇల్లు చేరితే కంగారేంటయ్యా?"

లాంచీ కదిలేటప్పుడు పిల్లలందరూ గట్టు వైపు చేతులూపారు. వాడు ఊపలేదు. వెదురు చీలుస్తూనే ఉన్నాడేమో, అక్కడి నుంచి కనపడదు.

* * *

ఎదురెక్కడం మహా నెమ్మది. దిగినప్పుడు మూడు గంటలు పట్టింది, ఎక్కేటప్పుడు నాలుగు దాటింది. పిల్లలు పడి నిద్రపోయారు. సార్ స్తంభం వదిలేశారు. భయం పోయి కాదు, ఇంకో బాధ దాని జాగాలో వచ్చి కూర్చుంది.

వాడి 'రేపు' పదకొండు రోజులకి వచ్చింది. ఎవరిదో పడవలో కొంత, నడిచి కొంత, ఇంకెవరి పడవలోనో కొంత. ఇంటి కప్పు నేయించాకే పంపించాడట నాన్న. క్లాసులో అప్పటికే వాడికి 'రేపుగాడు' అని పేరు పడిపోయింది. ఇంకెవరైనా హోంవర్క్ రేపు తెస్తానంటే, కూనవరం రేపా, పేరంటపల్లి రేపా అని అడిగేవాళ్ళం.

హాజరు పట్టీ సంగతి నాకు ఏడాది చివర్లో తెలిసింది. ఆ పదకొండు గళ్ళలో సార్ 'ఆ' వేయలేదు. పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టి వదిలేశారు. వాడొచ్చిన రోజున వాటి మీద ఇంకుతో 'హా' అని రాశారు. హాజరు తక్కువైతే హాస్టల్లో సీటు పోతుందని. రెండు రెళ్ళు నాలుగు అనడానికి కూడా ఇంకోసారి కూడి చూసే మనిషి, పదకొండు అబద్ధాలు గుండ్రటి చేతిరాతతో రాశారు. నేను చూశానని ఆయనకి తెలుసు. ఇద్దరం ఆ ముక్క ఎత్తలేదు.

వాడు వస్తూ సార్‌కి ఒక స్కేలు తెచ్చాడు. వెదురు బద్దతో చేసింది. అంగుళాల గాట్లు కత్తితో పెట్టాడు. సార్ దాన్ని తన చెక్క స్కేలు పక్కన పెట్టి చూశారు. పన్నెండు గాట్లూ ఉన్నాయి గానీ, మొత్తం కలిపితే పదకొండున్నర అంగుళాలే. "అర అంగుళం తినేశావురా" అన్నారు. అయినా బోర్డు మీద గీతలు గీయడానికి దాన్నే వాడేవారు. ఆయన ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళేటప్పుడు కూడా సంచిలోంచి పైకి పొడుచుకుని కనపడింది.

* * *

అస్థికలు కలిపాక, ఇంత దూరం వచ్చాను కదా అని కూనవరం వెళ్ళాను. భద్రాచలం దాటగానే ఎటపాక దగ్గర రాష్ట్రం మారిపోయింది. నేను ఉద్యోగం చేసిన ఊరు 2014లో ఆంధ్రాకి వెళ్ళిపోయింది, పోలవరం ముంపులో ఉన్న మిగతా మండలాలతో పాటు. ముందు తూర్పు గోదావరి అన్నారు, 2022లో అల్లూరి జిల్లా అన్నారు. అవతలి గట్టు పేరంటపల్లి పశ్చిమ గోదావరికి వెళ్ళి, ఇప్పుడు ఏలూరు జిల్లా అయింది. ఖమ్మం అని రాసిన నా సర్వీసు రిజిస్టరు మాత్రం అలాగే ఉంది.

ఇంటామె పోయి చాలా కాలమైంది. కూతురుంది. గుర్తుపట్టింది. గది గోడకి ఆ తారు గీత ఇంకా ఉంది, సున్నం కింద లీలగా. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులే వచ్చింది కదా అన్నాను. "అక్కడ తక్కువే టీచర్. ఇక్కడ మాత్రం అప్పటికన్నా ఎక్కువ రోజులు నిలబడింది" అంది. కింద డ్యాం కడుతుంటే నీళ్ళెక్కడికి పోతాయి, అంది. వాళ్ళ మాటలన్నీ ఇప్పుడు కాంటూర్ల మీదే, అంటే సముద్రమట్టం నుంచి నేల ఎత్తు చెప్పే గీతల మీదే. 41.15 అంటుంది, 45.72 అంటుంది, నోటి లెక్కలా. ఎవరి ఇల్లు ఏ కాంటూర్‌లో ఉందో, ఎవరికి పరిహారం ముందో, ఎవరికి వెనకో. మొదటి అంకె కింద ఉన్నవాళ్ళు ముందు లేవాలి. రెండోది, డ్యాం పూర్తిగా నిండితే నీటిమట్టం. మీటర్లలో. ఒకప్పుడు ఇదే గుమ్మంలో వాళ్ళమ్మ గోదావరిని జానెళ్ళలో కొలిచి చెప్పింది.

పేరంటపల్లికి వెళ్ళలేకపోయాను. టైము లేదు. అంతకు కొన్నేళ్ళ ముందు ఒకసారి టూరిస్టు బోటులో వెళ్ళాను, మా చెల్లెలి కుటుంబంతో. స్పీకర్లలో పాటలు, ప్లాస్టిక్ కుర్చీలు, పలావు. గుడి దగ్గర మాత్రం ఇంకా మాట్లాడొద్దనే అన్నారు. దారి పొడుగునా ఆడపిల్లలు వెదురు పుల్లలతో చేసిన పువ్వులు అమ్ముతున్నారు. బద్దల్ని సన్నగా గీరి, ఊడిపోకుండా వంకీలు తిప్పి, రంగులద్దినవి. ఒకమ్మాయి దగ్గర రెండు కొన్నాను. వాడి పేరు చెప్పి అడిగాను.

"మా పెద్దనాయనే" అంది. "కాలనీకి పోయిండు. జంగారెడ్డిగూడెం కాడ."

"ఏం చేస్తాడమ్మా అక్కడ?"

"ఏముంటది అక్కడ? వెదురు లేదు." పువ్వుల్ని పేపర్లో చుడుతూ చెప్పింది. వంద ఇస్తే చిల్లర లేదంది. ఉంచుకోమన్నాను. ఉంచుకోలేదు. పక్కమ్మాయిని, ఆ పక్కమ్మాయిని అడిగి, చివరికి బోటు వంటవాడి దగ్గర మార్చి తెచ్చి, పైసలు నా చేతిలో పెట్టింది. అప్పటికి బోటు రెండుసార్లు కూసింది, మా చెల్లెలు గట్టు మీంచి అరుస్తోంది.

* * *

మొన్న రాత్రి లెక్కల సార్ వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. దశదినకర్మకి రాలేనేమోనని చెప్పడానికి. చెప్పాక, ఇంట్లో వెదురు స్కేలు ఏమైనా ఉందా నాయనా అని అడిగాను. గాట్లుంటాయి, పాతది, కాస్త పొట్టిగా ఉంటుంది.

"స్కేలా ఆంటీ?" లోపల ఎవర్నో అడిగాడు. బీరువా తలుపులు తెరిచిన చప్పుడు, మళ్ళీ మూసిన చప్పుడు. వాళ్ళమ్మగారు ఏదో అంటున్నారు. నాకు వినపడలేదు.

"కనపడలేదు ఆంటీ. కొత్తింట్లోకి మారినప్పుడు పాత కర్రసామాను అదీ చాలా పోయిందట. ఏమైనా ముఖ్యమైనదా?"

అర అంగుళం తక్కువదిలే నాయనా, అన్నాను.